ఎడమచేతి దిక్కు

"పంట మీద ఎడమచెయ్యి చూపిస్తావా? దించు!" మునీంద్ర కూతురిని కసిరాడు. వచ్చిపోయే బండ్లు తొక్కితే గింజ రాలుతుందని రాగి కంకులన్నీ రోడ్డు మీద పరచి ఉన్నాయి. తడిస్తే ఏడాది తిండి పోయినట్టే.

"తుపాను ఆ పక్కే ఉండాదప్పా, తూర్పున" అంది రక్షిత.

"గాలి ఉత్తరం నించి కదా కొడతా ఉండేది? తుపానూ ఆడనే. అట్లే అనంతపురం పోతాది, మన తట్టు రాదు."

"భూమి తిరగతా ఉంటే గాలి నేరుగా యాడ వస్తాది? వంగుతాది. గాలికి వీపు పెట్టి నిలబడు, తుపాను నీ ఎడమచేతి పక్కనుంటాది."

విసుగ్గానే తిరిగి నిలబడి, మునీంద్ర ఎడమచెయ్యి చాచాడు. అటు మద్రాసు. తుపాను అక్కడ ఒడ్డెక్కితే తరవాత తామే.

ఎదురుగా లారీ వచ్చింది. చాచిన చెయ్యి దించకుండానే దానికి అడ్డం పోయాడు.

"ఏందప్పా, తొక్కొద్దా?" అన్నాడు డ్రైవరు.

"వద్దు, వానొస్తా ఉండాది. దిగి కంకులెత్తేదానికి ఒక చెయ్యి వెయ్యప్పా. ఏ చెయ్యైనా సరే."