నర్సింహ ముఖం మీద వెలుగు

"మళ్లీ మెరిసింది," అన్నాడు మల్లప్ప, నడుముకు తువ్వాల బిగించుకుంటూ. "నీ పెండ్లానికి ఆడు తప్ప ఇంకెవ్వరు కనిపిస్తలేరా, పరమేషూ?"

పరమేష్ పళ్లు నూరాడు. మల్లప్ప జట్టు కెప్టెన్, పైగా చిన్ననాటి దోస్తు. ఊరుకోమంటే ఇంకో రెండు కలిపి అంటాడు.

కోస్గి మార్కెట్ యార్డు రేకుల షెడ్డులో కబడ్డీ ఫైనల్ జరుగుతోంది. బయట మబ్బు, లోపల మసక. ఊళ్లో ఫొటో స్టూడియో నడిపే పరమేష్ భార్య నాగరాణి కోర్టు పక్కన కెమెరా పట్టుకుని కూర్చుంది. ఆమె తెచ్చిన రెండు ఫ్లాష్ లైట్లు పరమేష్ జట్టు వెనక, ఇనుప స్తంభాలకు కట్టి ఉన్నాయి. వాటికీ కెమెరాకూ మధ్య వైరు లేదు. కెమెరా నెత్తిన తగిలించిన చిన్న డబ్బా మీద నొక్కితే చాలు, అంత దూరంలో ఉన్న లైట్లు రెండూ ఒక్కసారే భగ్గుమంటాయి. పెళ్లిళ్లకని కొన్న సామాను అది. ఆటలు తీయడానికి ఆమె ఇన్నేళ్లలో ఎప్పుడూ రాలేదు. ఈసారి ఎవరూ పిలవకుండానే వచ్చింది.

పక్క మండలం జట్టు నుంచి నర్సింహ కూతకు వచ్చినప్పుడే ఆ లైట్లు మెరుస్తున్నాయి. పరమేష్ కూతకు వెళ్తే ఒక్కసారీ మెరవలేదు.

నర్సింహ ఆరడుగుల మనిషి. జుట్టు నున్నగా దువ్వి ఉంటుంది. మూడేళ్లుగా కప్పు వాడే ఎత్తుకుపోతున్నాడు. అంతవరకే అయితే పరమేష్ ఓర్చుకునేవాడు. నాలుగేళ్ల కిందట నాగరాణిని చూసుకోవడానికి మొదట వచ్చిన సంబంధం కూడా వాడిదే. ఎందుకో కుదరలేదట. ఆ 'ఎందుకో' ఏమిటని అడగలేక పరమేష్ నాలుగేళ్లుగా కుళ్లుకుంటున్నాడు.

"కబడ్డీ కబడ్డీ కబడ్డీ..."

నర్సింహ మధ్యగీత దాటాడు. లైట్లు భగ్గుమన్నాయి. వాడు ఒక్క క్షణం అక్కడే నిలబడిపోయి, తల నాగరాణి కూర్చున్న వైపు తిప్పాడు. చూశాడు! అందరి ముందూ, నిలబడి మరీ చూశాడు. పరమేష్‌కు ఒళ్లు మండిపోయింది. ఒక్క దూకు దూకి వాడి చీలమండ పట్టి మట్టిలో పడేశాడు.

మొదటి సగంలో నర్సింహ నాలుగుసార్లు అలాగే దొరికాడు. మూడేళ్లలో ఒక్కసారి కూడా చేతికి చిక్కని మనిషి! కోపానికి ఇంత బలం ఉంటుందని పరమేష్‌కు ఇప్పుడే తెలిసింది.

విరామంలో నీళ్ల సీసా కోసం వెళ్లినట్టు వెళ్లి భార్య ముందు నిలబడ్డాడు.

"లైట్లు మా వెనక ఎందుకు కట్టినవ్?"

"వచ్చేటోని ముఖం మీద పడాలె గద."

"మరి నా ముఖం మీద వద్దా?"

"నీకెందుకు లైట్లు? నువ్వు ఆట చూస్కో."

"ఆడు నీ దిక్కే చూస్తుండు."

"చూడనియ్యి. నీకేం పోయింది?"

నాగరాణి సీసా మూత తీసి అందించింది.

"జర నీళ్లు తాగు. పోయినేడు ఓడొచ్చి రెండు దినాలు అన్నం ముట్టలే నువ్వు."

విజిల్ మోగింది. జట్లు వైపులు మార్చుకున్నాయి. నాగరాణి లేచి, లైట్లు రెండూ విప్పి, భుజాన వేసుకుని కోర్టు చుట్టూ తిరిగివచ్చి మళ్లీ పరమేష్ జట్టు వెనకే కట్టింది. ఆ పరుగు, ఆ చెమట అంతా ఎవడి ముఖం కోసమో!

"మా చెల్లె పెండ్లిల గూడ గింత కష్టపడలే," అన్నాడు మల్లప్ప.

పరమేష్ అప్పుడే నిర్ణయించుకున్నాడు. ఆట ముగియగానే ఆమెను తల్లిగారింట్లో దింపేయాలి. ఇక ఆమె స్టూడియో ఆమెది, తన బతుకు తనది.

చివరి నిమిషానికి కోస్గి ఒక్క పాయింటు ముందుంది. చివరి కూతకు నర్సింహ వచ్చాడు. లైట్లు మెరిశాయి. వాడు మోచేయి ఎత్తి నుదుటికి అడ్డం పెట్టుకున్నాడు. ఫొటోలో జుట్టు చెదరకూడదని కాబోలు అనుకుని పరమేష్ పిచ్చికోపంతో వాడి కాళ్ల మీద పడ్డాడు. మిగతావాళ్లు మీద పడ్డారు. అంపైర్ బక్కయ్య విజిల్ ఊదాడు.

కోస్గి గెలిచింది. జనం పరమేష్‌ను భుజాల మీదికి ఎత్తారు. అతను దిగి, తిన్నగా నాగరాణి దగ్గరికి వెళ్లాడు.

"నడువు. మీ అమ్మగారింటికి బస్సుంది."

"గెల్చినవ్ గద, గిప్పుడు అక్కడికెందుకు?"

"ముందుగాల ఆని ఫొటోలు చూపియ్యి."

"లేవు."

"పొద్దటిసంది ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టిన. నాకు కండ్లు లేవనుకుంటున్నవా?"

"గట్టిగ అనకు. బక్కయ్య సార్ ఇంటడు."

"ఇంటే ఇననియ్యి! ఊరంతా ఇననియ్యి!"

నాగరాణి అటూ ఇటూ చూసింది. బక్కయ్య కప్పు బల్ల దగ్గర ఉన్నాడు. దూరంగా నర్సింహ కళ్లు నులుముకుంటూ సంచి సర్దుకుంటున్నాడు. ఏడుస్తున్నాడనుకుని పరమేష్ కాస్త తృప్తిపడ్డాడు కూడా.

ఆమె కెమెరా తీసి అతని చేతిలో పెట్టింది.

"నువ్వే చూస్కో."

పరమేష్ మీటలన్నీ నొక్కాడు. తెర మీద ఒక్క బొమ్మ కూడా రాలేదు.

"అన్నీ తుడిచేసినవా?"

నాగరాణి అతని చెవి దగ్గరికి వంగింది.

"దాంట్ల మెమరీ కార్డే పెట్టలే."