పేరు చెప్పని ప్రార్థన

"నీ బియ్యం తిన్న పాపి ఒకతి ఈ గుంపులోనే కూర్చోని ఉంది ప్రభువా! పేరు చెప్పేదానికి నాకు నోరు రాదు. నీకు తెలుసు. ఆ బిడ్డను క్షమించు తండ్రీ!"

దెబోరా ప్రార్థన ముగించింది. ఆళ్లగడ్డ క్రైస్తవపేటలో ఆ శుక్రవారం కూడుకున్న ఇరవై మంది ఆడవాళ్లలో పంతొమ్మిది మంది కళ్లు తెరవకుండానే "ఆమెన్" అన్నారు. ఇరవయ్యో మనిషి లూదియా. ఆమె లేచి నిలబడింది.

"ఎవురే పాపి? దేవుని బియ్యం నేను ముట్టింటే నా చెయ్యి పడిపోనీ!"

అందరూ కళ్లు తెరిచి లూదియానే చూశారు.

పేటలో ప్రతి ఇంట్లోనూ అన్నం వండే ముందు ఒక పిడికెడు బియ్యం దేవుని పేరున ముంతలో వేసిపెడతారు. నెలకోసారి ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం డబ్బాలో పోగుచేసి గుడికి చేర్చేది లూదియాయే. తొమ్మిదేళ్లుగా చేరుస్తోంది. ఒక్క గింజ ఇంటికి పోలేదు.

మరునాడు పొద్దున్నే సంఘపెద్ద సంజీవయ్య వచ్చి ఆ డబ్బా తీసుకున్నాడు.

"సంఘం హాస్టల్లో నువ్వు జేసే వంటకు గూడా రావద్దు తల్లీ. ఆడ మూటలకు మూటలు బియ్యం ఉంటాయి. నెలాఖర్న కమిటీ కూర్చుంటాది. ఆ లోపల ఈ నింద పోగొట్టుకో. లేకుంటే వేరే మనిషిని పెట్టుకుంటారు."

ఆ వంటపని పోతే లూదియా ఇంట్లో పొయ్యి వెలగదు. ఎమర్జెన్సీ పోయి ఏడాదైంది. అందరికీ నోరు తెరిచే ధైర్యం వచ్చినట్టే ఆమెకూ కోర్టుకు పోయే ధైర్యం వచ్చింది. ఎర్రబస్సెక్కి నంద్యాలలో దిగి, వకీలు అమీర్ బాషా ముందు కూర్చుంది.

"ఎవరితో అనింది ఆ మాట?" అడిగాడు వకీలు.

"దేవునితో సార్."

వకీలు పెన్ను మూత పెట్టేశాడు. "దేవునితో చెప్పుకుంటే పరువు నష్టం కాదమ్మా. మూడో మనిషి వినాల."

"ఇరవై మంది విన్యారు సార్. ఆమెన్ అని గూడా అన్యారు."

మూత మళ్లీ తీశాడు. "ఆయమ్మ అంటాంటే చూసినోళ్లు?"

"ప్రార్థనలో కండ్లు మూసుకుంటాం గదా."

"మరి ఆయమ్మేనని ఎట్ల చెప్తావు?"

"గోడవతల ఇల్లు సార్. పొద్దున లేస్తే దాని గొంతే. నాకు తెలీదా?"

"సరే. నీ పేరు పెట్టి అనిందా?"

"పేరెందుకు సార్? బియ్యం పోగుజేసేది నేనే గదా."

"ఇరవై మందిలో ఎవురైనా కావచ్చు. అది నిన్నేనని జనానికి ఎట్ల తెలిసె?"

లూదియా కొంగు వేలికి చుట్టుకుంది. "నేను లేసి అరిసినా సార్."

అమీర్ బాషాకు నవ్వు ఆగలేదు. "ఆయమ్మ పేరు చెప్పలే. నువ్వే చెప్పినావు. ఇప్పుడు నీ మీద నువ్వే కేసు ఎయ్యాల."

"నవ్వొద్దు సార్. నా పని పోతాంది."

వకీలు నవ్వు మానేశాడు. అతనేమీ చెడ్డవాడు కాదు, పొద్దున్నుంచి పొలం గట్ల తగాదాలు విని విసిగిపోయి ఉన్నాడంతే.

"కోర్టులో ఇది నిలబడేది కష్టమమ్మా. అయినా నోటీసు ఇద్దాం. కోర్టు కాగితం అంటే ఎవురికైనా భయమే. పదిమందిలో క్షమాపణ చెప్పిందంటే నీ పని నీకొస్తాది. నీకు గావాల్సింది అదే గదా?"

అదే. వకీలు రాసిన కాగితాన్ని ఒకటికి రెండుసార్లు చదువుకుంది. లూదియా కడుపు నిండినట్టయి ఇల్లు చేరింది.

నాలుగోరోజు మధ్యాహ్నం దెబోరా పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో ఆ కవరే ఉంది.

"లూదియక్కా, పోస్టాయన ఏలిముద్ర ఏపించుకోని ఇచ్చిపాయె. బేగా సదువక్కా. మా ఆయన సున్నిపెంటలో డ్యాము పనికి పోయినాడు గదా, ఏమన్నా అయిందేమోనని కాళ్లూ చేతులూ ఆడ్డంలే."

ఆ వీధి ఆడవాళ్లలో అక్షరం ముక్క వచ్చింది లూదియా ఒక్కదానికే. పరువు తీసిన మనిషి తనకొచ్చిన నోటీసును మన చేతికే తెచ్చి ఇస్తే ఎవరికైనా సంతోషమే. వీధంతా వినిపించేలా గొంతెత్తి చదివింది. లూదియా మీద అబద్ధపు నింద వేసినందుకు పదిహేను రోజుల్లో అందరి ముందు క్షమాపణ చెప్పాలని, లేకుంటే జైలుకు పోవలసి ఉంటుందని.

"అంటే మా ఆయన బాగుండాడు గదా?"

"ఆయప్ప సంగతి కాదే ఇది. నీ సంగతి!"

దెబోరా ఊపిరి పీల్చుకుంది. ఆ తర్వాత గానీ ఆమెకు మిగతాది తలకెక్కలేదు. "నిన్ను నేనేమంటి అక్కా?"

"బియ్యం తిన్న పాపి అనలే?"

దెబోరా వీధి అటూ ఇటూ చూసి దగ్గరికి జరిగింది. ఆమె గొంతు తగ్గిపోయింది.

"ఆ పాపిని నేనేనక్కా. ఆయన పోయి మూన్నెల్లాయె. ఇంట్లో గింజ లేదు. పిల్లోల్లు ఏడుస్తాంటే సూల్లేక, దేవుని కోసం తీసిపెట్టిన ముంతలో బియ్యం తీసి గంజి కాసినా. నేనేనని సెప్పుకునేదానికి సిగ్గయి అట్ల ప్రార్థన చేస్తి."

లూదియా చేతిలోని కాగితాన్ని నలిపేసింది. కోపమో ఏడుపో ఆమెకే తెలియలేదు.

"మరి ఆ పొద్దే ఆ మాట సెప్పకుండా నోరు మూసుకోని కూచుంటివేందే? నాకు కూడు పాయె గదే!"

దెబోరా నిజంగానే ఆశ్చర్యపోయింది.

"నువ్వట్ల లేసి అరిసేదాకా, నువ్వు గూడా తింటాండావని నాకు యాడ తెలుసక్కా!"