వంద గూళ్ళ తుమ్మచెట్టు

వాగు ఒడ్డు తుమ్మచెట్టు మీద గిజిగాళ్ళ గూళ్ళు ఏడాదిలో పది నుంచి వందయ్యాయి. చోటు కోసం తగాదాలు ముదిరి, ఈ వానాకాలంలోనే ఇద్దరిని పొడిచి చంపారు. మూడో ప్రాణం పోయింది ముసలి పసిడమ్మ పక్కగూటిలోనే.

"కేక వినలేదర్రా?" అని పసిడమ్మ గూడుగూడుకూ వెళ్ళి అడిగింది.

"విన్నాం పిన్నీ. ఇంతమందిమి ఉన్నాం కదా, ఎవరో ఒకరు వెళ్తారులే అనుకున్నాం."

పసిడమ్మ తల దించుకుంది. ఆ కేక తనూ విన్నది. తనూ అలాగే అనుకుంది.

వారం తిరక్కుండానే కింది కొమ్మ మీద మళ్ళీ కేక. ఈసారి పసిడమ్మ ఆగలేదు. పడుతూ లేస్తూ వెళ్ళి, కొట్టుకుంటున్న ఇద్దరి మధ్య నిలబడింది.

"ముందు నన్ను పొడవరా!"

ముక్కెత్తినవాడు తటపటాయించాడు. అంతలో పైనుంచి ఒక గొంతు వినిపించింది.

"ఉండు పిన్నీ, వస్తున్నా!"