అమాసనాటి మగ్గం చప్పుడు

పెళ్లయి నెల తిరగని రజితకు రామన్నపేట అత్తగారింట్లో అన్నీ ముచ్చటే. ఆమె తొలి బతుకమ్మకని అత్త ఆండాళు, భర్త శ్రవణ్ వాళ్ల అవ్వ, మగ్గం మీద నాడెను అటూ ఇటూ ఆడిస్తూ నేస్తున్న చీర మరీ ముచ్చట. ఆ గది గోడకు అంటించిన పాత పేపరు ముక్కను రజిత రోజూ చదివేది. ఒకప్పుడు ఈ వాడ తగలబడిన రాత్రి, ఎక్కడో మగ్గం ఆడుతున్న చప్పుడుకే జనం లేచి బతికిపోయారట. ఆ మగ్గం ఎవరిదో ఎవరికీ తెలియలేదట.

అమావాస్య రాత్రి ఆమెకు మెలకువ వచ్చింది. టక్, టక్. మగ్గం ఆడుతోంది.

"అమాసనాడు మనం మగ్గం ముట్టం గదనే. నాడె సుత అవ్వ కడిగి దేవుని గూట్ల వెట్టింది. నాడె లేంది ఎట్ల నేస్తరు? పండుకో," అన్నాడు శ్రవణ్ నవ్వుతూ, దుప్పటి లాక్కుంటూ.

"పేపర్ల రాసిన చప్పుడైతే?"

అతని నవ్వు ఆగింది. ఇద్దరూ పరుగున వెళ్లి మగ్గం గది తలుపు తీశారు. చప్పుడు ఠక్కున ఆగిపోయింది. స్విచ్చు బోర్డు కింద నూలు కండెలు అంటుకున్నాయి. శ్రవణ్ మెయిన్ ఆపాడు. రజిత తడి గోనెసంచి కప్పింది. చీరకు జానెడు దూరంలో మంట చచ్చింది.

అవ్వ వచ్చి చీర తడిమి చూసింది. "నా కోడలుపిల్ల వాడనే కాపాడింది. నువ్వైతే గురక వెడుతుంటివిరా," అంది.

మసి చేతులతోనే రజిత మొగుడి వైపు చూసి గర్వంగా నవ్వింది. దండం పెట్టుకుందామని దేవుడి గూటి దగ్గరికి వెళ్లింది. నాడె పెట్టినచోటే ఉంది. దాని మీద పెట్టిన పసుపు కూడా చెదరలేదు.

చేతిలోకి తీసుకుంటే, ఇప్పుడిప్పుడే ఆడి ఆగినట్టు వెచ్చగా ఉంది.