ఎర్రగీత

"ముల్లు ఎర్రగీత దాటింది. ఇంటికి పో," అంది గని దవాఖాన ఆయా లస్మవ్వ.

లింగవ్వ బరువు మిషను మీది నుంచి దిగలేదు. "అవ్వా, దమ్ము ఆడుతలేదే. నాలుగడుగులేస్తే కండ్లు తిరుగుతున్నయ్."

"తిండి తగ్గించు. తగ్గుతది."

"పోయిన నెల గిట్లనే అంటివి. పూటకొక్క రొట్టె తింటున్న. అయినా ఉబ్బుతున్న!"

బెంచీ మీద వరుసగా కూర్చున్న కార్మికుల భార్యలు కిసుక్కున నవ్వారు. "ఆ ఒక్క రొట్టె బండి చక్రమంత ఉంటదేమో," అంది ఒకామె.

మిషను మీద ఎనభై కిలోల దగ్గర ఆ గీత గీయించింది పాత డాక్టరు. దాటినవాళ్లకు పరీక్ష లేదు, మందు లేదు. తిండి తగ్గించమని చెప్పి గుమ్మం నుంచే పంపేయడం లస్మవ్వ పని.

కొత్తగా వచ్చిన డాక్టరమ్మ తెర తీసి చూసింది. "ఎందుకు పంపేస్తున్నావు? లోపలికి రానీ."

లస్మవ్వ చీపురు అడ్డం పెట్టింది. "గీత దాటిందమ్మా. గిసొంటోళ్లను పాత సారు ఎన్నడు చూడలే."

"నేను చూస్తాను."

డాక్టరమ్మ లింగవ్వ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. లస్మవ్వ ఊడుస్తున్నట్టు తెర పక్కనే నిలబడింది. డాక్టరమ్మ లింగవ్వ పాదాన్ని వేలితో నొక్కింది. పడిన గుంట పూడలేదు. గొట్టం ఛాతీ మీద పెట్టింది, వీపు మీద పెట్టింది, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నది. తిండి మాటే ఎత్తలేదు. లస్మవ్వ ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది. ఇంతమంది వెనక్కి పోయారు. దీనికే ఎందుకు ఈ భోగం?

"వయసెంతమ్మా?"

"ఇరవై నాలుగు."

లస్మవ్వ చేతిలోని చీపురు జారిపోయింది.

డాక్టరమ్మ గబగబా బయటికి వచ్చింది. "జీపు పిలిపించండి. గుండె జబ్బు, ఒళ్లంతా నీరు పట్టింది. కరీంనగర్ పెద్దాసుపత్రికి ఇప్పుడే పోవాలి. ఇంకో వారమైతే దక్కేది కాదు." లింగవ్వ భుజం మీద చెయ్యి వేసింది. "ముందు గుండె కుదుటపడనీ. ఆ తర్వాత నీ బరువుకూ వైద్యం చేద్దాం. అది నువ్వు చేసిన తప్పేమీ కాదు."

"జీపా!" లస్మవ్వ అరిచింది. "ఎవ్వలకు రాని జీపు గీమెకెందుకమ్మా? ఏం పున్నెం చేసిందని?"

"గింత కుళ్లేందే నీకు?" అంది ఇందాక రొట్టె మాటని నవ్విన ఆమే, ఈసారి నవ్వకుండా.

లింగవ్వ కళ్లనీళ్లు పెట్టుకుంది. "నా మీద ఏడుస్తవేందవ్వా? నీ బిడ్డ అసొంటిదాన్ని."

లస్మవ్వ ముఖం తిప్పుకుంది.

జీపు వచ్చింది, లింగవ్వను ఎక్కించుకుని వెళ్లిపోయింది. దుమ్ము అణిగేదాకా లస్మవ్వ అటే చూస్తూ నిలబడింది.

డాక్టరమ్మ కిరసనాయిలు గుడ్డ తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "ఆ గీత తుడిచెయ్యి, లస్మవ్వా. అది తప్పు."

"తప్పెట్లయితదమ్మా?" లస్మవ్వ మిషను ముందు కూలబడింది. "తప్పు కావద్దు."

"ఎందుకని?"

"గీత గీసిననాడు మొదలు దాటింది నా బిడ్డ సారవ్వనే. దానికి గూడ ఇరవై నాలుగేండ్లే. దమ్ము ఆడుతలేదన్నది. నేనే ఇంటికి పొమ్మన్న. నాలుగు దినాలకు పానం పోయింది."