ఐదో నట్టు

డెబ్బై ఎనిమిదిలో ఒక రాత్రి. పరకాల దాటాక దావీదు పాత కారు టైరు పంక్చరైంది. ఆ కుదుపుకే వైరు ఊడి లైట్లన్నీ ఆరిపోయాయి. వెనక సీట్లో సరోజన నొప్పులు పడుతోంది, పక్కన మొగుడు మొండయ్య. హనుమకొండ దవాఖాన ఇంకా దూరం.

చీకట్లోనే దావీదు స్టెప్నీ ఎక్కించాడు. వెనక అడుగుల చప్పుడైంది.

"మొండన్నా, జర నట్లు అందియ్యే," అని చెయ్యి వెనక్కి చాపాడు. ఒక్కో నట్టే అరచేతిలో పడింది. నాలుగు బిగించాడు.

అప్పుడు కారులోంచి మొండయ్య గొంతు వినిపించింది. "ఏమనుకోకు దావీదన్నా, ఇది నా చెయ్యి ఇడుస్తలేదు. దిగరాలే."

ఐదో నట్టు చేతిలో పడింది. దావీదు దాన్నీ బిగించాడు. తడుముకుంటూ వైరు తగిలించాడు. లైట్లు వెలిగాయి. పక్కకు చూడకుండా బండెక్కాడు.

కారు కదులుతుంటే సరోజన మూలుగుతూనే అంది. "పాపం, ఆమెను గూడ ఎక్కించుకోరాదె అన్నా."

దావీదు గేరు మార్చాడు.