తడి చేతులు

"అవ్వా, తడి చేతులతోని ముట్టకు. కొత్త ఫోన్ అది."

శ్రావణ్ గబుక్కున ఫోన్ లాక్కున్నాడు.

చాయ్ హోటల్ కిష్టవ్వ చిన్నబోయింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ, "ఎట్ల ఎత్తుతరో జర చూద్దామని బిడ్డా," అంది.

"నువ్వు కొనేది ఉన్నదా?"

"నేనేం కొంట."

"మరి పోయి చాయ్ పొయ్యరాదు."

కిష్టవ్వ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

శ్రావణ్‌ది కిన్నెర ఫోన్ల కంపెనీలో సేల్స్ ఉద్యోగం. పొద్దున్నే కరీంనగర్ నుంచి వచ్చి, నస్పూర్‌లో బొగ్గుబాయి గేటు ముందు, కిష్టవ్వ హోటల్ పక్కనే టేబుల్ వేసుకున్నాడు.

లోకమంతా ఏడాదికో ఫోన్ మారుస్తుంటే, ఈ ఒక్క బాయి కార్మికులు మాత్రం కిన్నెర పాత మోడలే కొంటారు. పగిలితే మళ్లీ అదే. పోతే మళ్లీ అదే.

ఇప్పుడు కంపెనీ ఆ మోడల్ ఆపేస్తోంది. వీళ్లను కొత్తదానికి మార్చకపోతే నీ ఉద్యోగం కూడా ఆగిపోతుందని మేనేజర్ మొహం మీదే చెప్పేశాడు.

రెండో షిఫ్టు వాళ్లు రావడం మొదలైంది. సంపత్ అనే కార్మికుడు కొత్త ఫోన్ అందుకున్నాడు. కెమెరా చూశాడు, పాట పెట్టి విన్నాడు.

"మస్తున్నది సార్."

తర్వాత ఓసారి కిష్టవ్వ వైపు చూసి, ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

"పాతది లేదా?"

వచ్చినవాళ్లందరిదీ అదే వరస. శ్రావణ్‌కు ఒళ్లు మండింది.

"అన్నా, గా పాతదాంట్ల ఏమున్నదే? ఫొటోలు మంచిగొస్తయా?"

"యాడ సార్, మసక మసక వస్తయి."

"బ్యాటరీ?"

"పొద్దు మీదికి రాంగనే పండుకుంటది."

"మరెందుకు కొంటరు?"

"అలవాటైంది," అన్నాడు సంపత్. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

సైరన్ మోగింది. మొదటి షిఫ్టు వాళ్లు పైకి వచ్చారు. మొహాల నిండా బొగ్గు. మొహమైనా కడుక్కోకుండా నేరుగా హోటల్‌కే వచ్చారు.

కిష్టవ్వ గోడ మేకులకు వేలాడుతున్న గుడ్డసంచులు ఒక్కొక్కటే తీసి ఇస్తోంది. ఒక్కో సంచిలో ఒక్కో ఫోన్.

"లచ్చయ్యా, మీ రోజారాణి ఫోన్ చేసింది. కోడికూర వండిందట, యాడ నిలవడకుండ రమ్మన్నది."

"రాంచందర్, నీ బిడ్డ పాసైంది. ఫస్ట్ క్లాసట."

"కొమురెల్లీ, నీ చెల్లెకు కాన్పయింది. ఆడపిల్ల, ఇద్దరు మంచిగున్నరు. మిఠాయి తెచ్చేదాక నీ ఫోన్ ఇయ్య."

కొమురెల్లి అక్కడే ఎగిరి గంతేశాడు.

అంతలో ఇంకో సంచి మోగింది. కిష్టవ్వ గ్లాసులు కడుగుతున్న చేతితోనే ఫోన్ తీసి, అద్దం కింద ఉన్న బటన్ నొక్కింది. "హలో, ఇప్పుడే మీదికొచ్చిండు. ఆగు బిడ్డా, ఇస్తున్న."

శ్రావణ్ సంపత్‌ను పక్కకు తీసుకెళ్లాడు. "ఏందన్నా ఇది?"

"బాయిలకు ఫోన్ తీస్కపోనియ్యరు సార్. మేం లోపలున్నంత సేపు అవ్వనే ఎత్తి, మీదికి రాంగనే చెప్తది. ఆమె చేతులేమో ఎప్పుడు నీళ్లల్లనే. తడి చేతికి కొత్త ఫోన్లు పలుకయి. గా పాతదానికి బటన్ ఉన్నది."

"గీ ముచ్చట ముందుగాల చెప్పద్దా?"

"ఆమె ముంగట ఎట్ల చెప్తం? పోయినేడు కొమురెల్లి వేరే ఫోన్ కొన్నడు. వాళ్ల బాపుకు పానం బాగలేదని ఇంటికాంచి ఒకటే ఫోన్లు. అవ్వకు ఎత్తరాలే. బాపు మంచిగనే అయిండు గని, అవ్వ అన్నం ముట్టలే. గప్పటి సంది అందరం గిదే కొంటున్నం. ఆమె కోసమని తెలిస్తే మల్ల మా ఫోన్లు ముట్టది సార్."

శ్రావణ్‌కు తల కొట్టేసినట్టయింది.

కొత్త ఫోన్ తీసి సెట్టింగులలోకి వెళ్లాడు. పక్కన సౌండ్ పెంచే బటన్ నొక్కితే కాల్ ఎత్తేలా మార్చాడు. అలాంటి సౌకర్యం ఉందని అతనికి తెలుసు. ఎవరికైనా పనికొస్తుందని మాత్రం ఇన్నాళ్లూ అనుకోలేదు.

పొయ్యి దగ్గరికి వెళ్లాడు.

"తప్పయింది అవ్వా. జర గీ ఫోన్ ఎత్తి చూడు."

"వద్దు బిడ్డా, చేతులు తడిగున్నయి."

"తడిగనే ఉండనియ్యి. పక్కకున్న బటన్ నొక్కు."

తన ఫోన్ నుంచి కాల్ చేశాడు. కిష్టవ్వ భయం భయంగా బటన్ నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది.

"హలో, ఎవలు బిడ్డా? మనిషి లోపలున్నడు. ఏమన్న ఉంటే నాకు చెప్పు."

"ఒక చాయ్ కావాలె అవ్వా," అన్నాడు శ్రావణ్ ఎదురుగానే నిలబడి, ఫోన్లో.

హోటలంతా గొల్లుమంది. కిష్టవ్వ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"ఇంకున్నయా సార్, గిదొక్కటేనా?" సంపత్ ముందుకు వచ్చాడు.

పాత ఫోన్లు పగిలినవాళ్లు, పగలబోతున్నవాళ్లు అందరూ వరస కట్టారు. పొద్దు గూకక ముందే టేబుల్ ఖాళీ అయింది.

శ్రావణ్ సంతోషం పట్టలేక మేనేజర్‌కు ఫోన్ చేశాడు.

"అన్ని అమ్ముడువోయినయి సార్. ఈడ ఒక్క మనిషికి ఫోన్ ఎత్తొస్తదా, రాదా అని చూసే అందరు ఫోన్ కొంటరు."

"గసొంటి కస్టమర్‌ను ఇడువద్దురా. కరీంనగర్ పిలిపించి సన్మానం చేద్దాం. పేరు, ఫోన్ నంబరు పంపు."

శ్రావణ్ హోటల్ వైపు చూశాడు. కిష్టవ్వ వంగి గ్లాసులు కడుగుతోంది. ఆమెకు వినబడకుండా నాలుగడుగులు పక్కకు జరిగాడు.

"పేరు కిష్టవ్వ సార్," అన్నాడు మెల్లగా. "నంబరే లేదు, ఆమె ఇంతవరకు ఫోనే కొనలే."